కౌన్సిల్ మెంబరు మనకు తెలిసినాయనే, ఒక ఫోన్ చేయించనా?

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. ఇక్కడ లాయర్లు, డాక్టర్లు ఉన్నారు కదా అని అడుగుతున్నాను. మా అక్క ఆపరేషన్ విషయంలో ఒక డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఫిర్యాదు ఇచ్చాం. ఏ రాష్ట్రం, ఏ ఆసుపత్రి అన్నది రాయను, దయచేసి అడగొద్దు. ఏడాది దాటింది. ఫిర్యాదు అందిందని ఒక ఉత్తరం వచ్చింది, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మా బావగారి క్లాస్‌మేట్ ఒకాయన ఆ కౌన్సిల్‌లో మెంబరని ఈమధ్యే తెలిసింది. "ఒక మాట చెప్పిస్తే ఫైలు కదులుతుంది" అని బావగారు, వద్దని అక్క. అసలు ఈ మెంబర్ల పనేమిటి? కేసులు వాళ్లే చూస్తారా? ఫోన్ చేయిస్తే తప్పవుతుందా?

మంచిర్యాల_మామ:
చేయించండి సార్. అవతలి డాక్టరు ఎప్పుడో చేయించి ఉంటాడు.

లాయరు_గారబ్బాయి:
మామ మాట వినొద్దు. వేపచెట్టు గారూ, ఆ ఫోన్ మీ కేసుకే ముప్పు. రేపు కౌన్సిల్ ఆ డాక్టరు పేరు రిజిస్టరు నుంచి ఆరు నెలలు తీసేసిందనుకోండి (అంటే అన్నాళ్లు ప్రాక్టీసు చేయకూడదు). ఫిర్యాదుదారు బంధువు, తీర్పు చెప్పిన మెంబరు ఒకే క్లాసువాళ్లని ఆయన వకీలు హైకోర్టులో చెబితే చాలు, మళ్లీ మొదటికి రావచ్చు. అసలు కేసులో బలం ఉన్నవాళ్లే ఇలాంటి పనులు చేసి పాడుచేసుకుంటారు.

మెంబర్ల పని సంగతి. మన రాష్ట్ర కౌన్సిళ్లలో కొందరు డాక్టర్లు ఎన్నికై వస్తారు, కొందరిని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది, కొందరు పదవి రీత్యా ఉంటారు. ఫిర్యాదులు వినే ఎథిక్స్ కమిటీలోనూ సాధారణంగా ఈ మెంబర్లే కూర్చుంటారు. అంటే సంస్థను నడిపించేదీ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే. మీ బావగారికి ఆ ఆలోచన రావడానికి మూలం అదే. ఆయన్ని నేను తప్పుపట్టను.

లీడ్స్_నర్సు:
నేను ఇంగ్లండ్‌లో నర్సుని. మా మీద ఉండేది నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, ఎన్ఎంసీ అంటాం (ఇండియాలో డాక్టర్లకున్న ఎన్ఎంసీ వేరు, కలిపేయకండి). మాకు ఇక్కడ కౌన్సిల్ మెంబరుతో కేసు గురించి మాట్లాడటం అన్న ఊహే ఉండదు. మాట్లాడినా లాభం లేదు. కౌన్సిల్ అంటే పన్నెండు మంది. సగం మంది మా వృత్తివాళ్లు, సగం మంది బయటివాళ్లు. నర్సుల మీద ఫిర్యాదులు వినే ప్యానెళ్లు పూర్తిగా వేరే మనుషులవి. కౌన్సిల్ మెంబరు ఆ ప్యానెల్‌లో కూర్చోకూడదు.

మరి వాళ్లేం చేస్తారంటే, ఏడాదికి కొన్నిసార్లు సమావేశమవుతారు. చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ని నియమించేది, ప్రశ్నించేది, అవసరమైతే పంపించేది వాళ్లు. బడ్జెట్, మేం కట్టే ఫీజు, ప్రవర్తనా నియమావళి వాళ్ల ఆమోదంతోనే నడుస్తాయి. ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని మూలుగుతున్నాయి అన్న లెక్క ప్రతి సమావేశంలో ముందు పెట్టాలి. ఆ కాగితాలన్నీ వెబ్‌సైట్లో ఉంటాయి. రహస్యంగా మాట్లాడాల్సినవి మినహాయిస్తే మిగతా సమావేశం మనలాంటివాళ్లు కూర్చుని చూడొచ్చు. నేను ఆన్‌లైన్‌లో చూశాను. నిజం చెప్పాలంటే నిద్రొస్తుంది. ఎవరికి ఏ సంస్థతో సంబంధముందో రాసిన రిజిస్టరు కూడా అందరికీ కనబడేలా పెడతారు.

పల్లెటూరి_డాక్టరు:
అక్కా, అంత పద్ధతిగా ఉంటే 2024లో మీ ఎన్ఎంసీ పరువు ఎందుకు పోయింది? నేనూ పేపర్లు చదువుతాను. పన్నెండు మందిలో ఆరుగురు బయటివాళ్లని మురిసిపోతున్నారు. ఆ బయటివాళ్లు ఏం పట్టుకున్నారు?

లీడ్స్_నర్సు:
డాక్టరు గారూ, మీరు అడగకపోతే నేనే రాసేదాన్ని. 2024 జూలైలో మాజీ ప్రాసిక్యూటర్ నజీర్ అఫ్జల్, రైజ్ అసోసియేట్స్ అనే సంస్థ కలిసి చేసిన స్వతంత్ర సమీక్ష వచ్చింది. నేను పూర్తిగా చదివాను, చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. సంస్థ లోపల జాతి వివక్ష, బెదిరింపులు. పెండింగులో దాదాపు 6,000 కేసులు. విచారణ ఎదుర్కొన్నవాళ్లలో ఆరుగురు అంతకుముందు ఏడాదిలోనే ప్రాణాలు తీసుకున్నారని, లేదా అలా అనుమానముందని అందులో రాశారు. ఏళ్ల తరబడి కేసు నడుస్తుంటే ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పిల్లల స్కూలు, ఇంటి లోను, వీసా అన్నీ దానికే వేలాడుతుంటాయి. బయటి దేశాల నుంచి వచ్చిన మాలాంటివాళ్లకు ఆ టెన్షన్ రెండింతలు. తప్పుడు ఫిర్యాదైనా సరే, అది తేలేదాకా ఊపిరాడదు.

అంత గొడవ ఎలా బయటపడిందంటే, లోపలి ఉద్యోగులు 2023లో ఇండిపెండెంట్ పత్రికకు చెప్పారు. అదే నాకు మింగుడుపడని విషయం. పన్నెండు మంది కౌన్సిల్ ఉంది, కాగితాలున్నాయి, వెబ్‌సైట్ ఉంది. ఉద్యోగి బాధ మాత్రం కౌన్సిల్‌కి పత్రిక ద్వారా చేరింది. తర్వాత చీఫ్ ఎగ్జిక్యూటివ్ మారారు, కౌన్సిల్ అధ్యక్షుడు (చైర్) కూడా మారారు.

ఆడిటర్_తాతయ్య:
ఇప్పుడు అసలు విషయంలోకి వచ్చారు. నేను ముప్పై ఏళ్లు పైగా ఆడిటింగులో ఉన్నవాణ్ని. ఆసుపత్రుల సంగతి నాకు తెలియదు, బోర్డుల సంగతి కొంత తెలుసు.

బోర్డు ముందుకు వచ్చే ప్రతి కాగితం కింది ఆఫీసు తయారుచేసిందే. ఆఫీసు తన తప్పును తానే బల్ల మీద పెట్టదు. అందుకే "6,000 పెండింగు" అన్న అంకె కనబడగానే బోర్డులో ఎవరో ఒకరు అడగాలి. అందులో అన్నిటికన్నా పాతది ఏ ఏడాదిది? అది ఎవరి బల్ల మీద ఉంది? పోయిన సమావేశంలో తగ్గుతాయన్నారు, ఎందుకు తగ్గలేదు? సగటు లెక్క చూపిస్తే ఒప్పుకోకూడదు. సగటు వెనక పాత ఫైళ్లు హాయిగా దాక్కుంటాయి. రెండోది, ఉద్యోగులు చెప్పుకోవడానికి చీఫ్ ఎగ్జిక్యూటివ్ గదిని దాటి పోయే దారి ఒకటుండాలి. ఆడిట్ కమిటీ చైర్ దగ్గరికి నేరుగా ఉత్తరం రాసే వీలన్నమాట. ఆ దారి లేనప్పుడు జనం పత్రికల దగ్గరికి పోతారు. పోయినవాళ్లది తప్పు కాదు.

బోర్డు కేసుల్లో వేలు పెట్టకూడదు, నిజమే. కానీ "అది కేసుల విషయం, మాకు సంబంధం లేదు" అని మొత్తం వ్యవస్థ ఆలస్యం నుంచి చేతులు దులుపుకుంటే మాత్రం చెల్లదు. ఒక కేసు తీర్పు బోర్డు పని కాదు. వెయ్యి కేసులు ఎందుకు ఆగాయన్నది బోర్డు పనే. ఈ గీత తెలియక రెండు వైపులా తప్పులు చేస్తారు. కొందరు ప్రతి ఫైల్లో తల దూరుస్తారు, కొందరు టీ తాగి సంతకం పెట్టి వెళ్తారు.

మంచిర్యాల_మామ:
తాతయ్య గారూ, రెండో రకం వాళ్లు మా సొసైటీ కమిటీలో కూడా ఉన్నారు.

పల్లెటూరి_డాక్టరు:
సరే, నా వైపు నుంచి కూడా వినండి. మేం ఓటు వేసి ఎన్నుకుంటాం. తెలంగాణలో 2023 చివర్లో కౌన్సిల్‌కి ఎన్నికలు జరిగాయి, 13 స్థానాలకు పోస్టల్ బ్యాలెట్. ప్యానెళ్లు, ప్రచారం, వాట్సాప్ గ్రూపులు, అన్నీ మామూలు ఎన్నికల్లాగే. దాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. కానీ ప్రభుత్వం చేతిలో మొత్తం పెడితే ఏమవుతుంది? మంత్రికి నచ్చినవాళ్లు కూర్చుంటారు. మా వృత్తి తెలిసినవాడే మా తప్పు పట్టగలడు. ఒక ఆపరేషన్‌లో వచ్చిన కాంప్లికేషన్ నిర్లక్ష్యమా, దురదృష్టమా అన్నది బ్యాంకు మేనేజరు ఎలా చెబుతాడు?

లాయరు_గారబ్బాయి:
ఆపరేషన్ సంగతి చెప్పాల్సింది విచారణ ప్యానెల్, అక్కడ డాక్టర్లు ఉండాల్సిందే. మనం మాట్లాడేది పాలకమండలి గురించి. అక్కడ బ్యాంకు మేనేజరు పనికొస్తాడు.

ఎన్నికల గురించి బ్రిటన్ డాక్టర్ల కథ చూడండి. అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ 1858 చట్టంతో పుట్టింది. ఒకప్పుడు 104 మంది మెంబర్లు, సగానికి పైగా డాక్టర్లు ఎన్నుకున్నవాళ్లే. తర్వాత హెరాల్డ్ షిప్‌మన్ అనే ఊరి డాక్టరు తన రోగులనే చంపాడని తేలింది. 2000 జనవరిలో 15 హత్యలకు శిక్ష పడింది. విచారణ కమిషన్ లెక్కలో చనిపోయినవాళ్లు 200 దాటారు. ఆ కమిషన్ నడిపిన జడ్జి జానెట్ స్మిత్ 2004 నివేదికలో కౌన్సిల్ రోగుల కన్నా డాక్టర్ల వైపే మొగ్గుతోందని గట్టిగానే రాశారు. ఓటు వేసినవాడికి ప్రతినిధినన్న భావన మెంబర్లలో ఉందన్నారు. 2003లో మెంబర్లు 35కి తగ్గారు. 2009లో ఎన్నికలే పోయాయి, 24 మంది, సగం బయటివాళ్లు, అందరూ నియమితులే. 2013 నుంచి 12 మంది. 2012లో కేసులు వినే ట్రిబ్యునల్‌ని కూడా విడదీశారు.

అన్నా, మీరు మంచి డాక్టరని నాకు తెలుసు. కానీ రేపు మీ ప్యానెల్‌కి ఓట్లు వేయించిన ఆసుపత్రి యజమాని మీద ఫిర్యాదు వస్తే, గెలిచిన మెంబరు ఆ గదిలోంచి లేచి బయటికి వెళ్తాడా? వెళ్లాడని మినిట్స్‌లో రాస్తారా?

పల్లెటూరి_డాక్టరు:
కొందరు వెళ్తారు. అందరూ వెళ్తారని నేను ప్రమాణం చేయలేను. కానీ నియమితులైతే పవిత్రులైపోరు తమ్ముడూ. మీ బ్రిటన్ కౌన్సిలే కదా, ఒక పిల్లాడి మరణం కేసులో బావా గార్బా అనే ట్రైనీ డాక్టరు పేరు తీయించడానికి, తన ట్రిబ్యునల్ ఇచ్చిన సస్పెన్షన్ చాలదని హైకోర్టుకెక్కింది? హైకోర్టు పేరు తీసేయమంది, 2018 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ పిల్లాడి తల్లిదండ్రుల బాధ నిజమే. కానీ సిబ్బంది కొరత ఉన్న వార్డులో డ్యూటీ చేసిన అమ్మాయి మీద మొత్తం పెట్టేశారని ప్రపంచంలోని జూనియర్ డాక్టర్లంతా మండిపడ్డారు. మన తెలుగు పిల్లలు వందల మంది ఆ దేశంలో ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్ల భయం నేను విన్నాను. డాక్టర్ల నమ్మకం పూర్తిగా పోయాక నియంత్రణ సంస్థ ఏం సాధిస్తుంది? తప్పు జరిగితే దాచిపెడతారు, అంతే.

ఆడిటర్_తాతయ్య:
ఈ మాట ఒప్పుకుంటాను. బోర్డు ప్రజల కోసమే ఉంది, కానీ డాక్టర్లను భయపెట్టి ప్రజలను కాపాడలేదు.

గుంటూరు_ఫిజియో:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఫిజియోల లాంటి మాకు 2021లో అలైడ్ హెల్త్ చట్టం వచ్చింది, జాతీయ కమిషన్, రాష్ట్ర కౌన్సిళ్లు అందులో ఉన్నాయి. నర్సులకు 2023లో కొత్త చట్టం, 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో. చట్టం రావడం వేరు, ఆఫీసు తెరిచి పని మొదలవడం వేరు అని మాకు బాగా తెలిసొచ్చింది. మీరు పాలకమండలి ఎలా ఉండాలని కొట్టుకుంటున్నారు. ఫిర్యాదు తీసుకునే బల్ల ఎక్కడుందో చెప్పండి ముందు.

వేపచెట్టు:
అందరికీ ధన్యవాదాలు. చాలా నేర్చుకుంటున్నాను. కానీ ఇండియాలో పైన ఎవరున్నారు? బ్రిటన్‌లో ఈ కౌన్సిళ్ల మీద కూడా ఎవరైనా ఉన్నారా?

లీడ్స్_నర్సు:
ఉన్నారు. ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ. పది నియంత్రణ సంస్థల మీద అది కన్నేసి ఉంటుంది. ప్రతి ఏడాదీ తాను పెట్టిన ప్రమాణాల మీద ఒక్కో సంస్థ పనితీరును తూచి నివేదిక ఇస్తుంది. ఏ ప్యానెల్ అయినా మరీ మెతకగా తీర్పు ఇచ్చిందనిపిస్తే ఆ అథారిటీయే హైకోర్టుకి వెళ్లొచ్చు. మా ఎన్ఎంసీ గొడవ తర్వాత ప్రత్యేకంగా ఒక పర్యవేక్షణ బృందాన్ని కూడా పెట్టింది.

లాయరు_గారబ్బాయి:
మన దగ్గర డాక్టర్లకు నేషనల్ మెడికల్ కమిషన్. ముందు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉండేది. 2010లో దాని అధ్యక్షుణ్ని సీబీఐ అరెస్టు చేశాక కేంద్రం కౌన్సిల్‌ని రద్దు చేసి గవర్నర్ల బోర్డును పెట్టింది. మళ్లీ పాత కౌన్సిల్ వచ్చింది. 2016 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం తన 92వ నివేదికలో దాన్ని దులిపేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు జస్టిస్ లోధా కమిటీని పైన కూర్చోబెట్టింది. 2018 సెప్టెంబరులో మళ్లీ రద్దు, మళ్లీ గవర్నర్ల బోర్డు. 2019 చట్టంతో కమిషన్ వచ్చింది, 2020 సెప్టెంబరు 25 నుంచి పని మొదలు.

కమిషన్‌లో 33 మంది. కింద నాలుగు స్వతంత్ర బోర్డులు. మీకు కావాల్సింది డాక్టర్ల ప్రవర్తన చూసే ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డు. కాగితం మీద మంచి నియమాలే ఉన్నాయి. కమిషన్ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి, మెంబర్లు చేరేటప్పుడూ దిగేటప్పుడూ ఆస్తులు, అప్పులు ప్రకటించాలి. 33 మందిలో చట్టం, నిర్వహణ, రోగుల హక్కుల లాంటి రంగాల నుంచి తీసుకునేది ముగ్గురినే. అది తక్కువని నా అభిప్రాయం.

ఆడిటర్_తాతయ్య:
ఆస్తుల ప్రకటన మంచిదే. 2025లో ఈ కమిషన్ చేసే మెడికల్ కాలేజీల తనిఖీల వ్యవహారంలో సీబీఐ 34 మంది మీద కేసు పెట్టింది, అందులో ఆరోగ్య శాఖ ఉద్యోగులు కూడా ఉన్నారు. తనిఖీ ఎప్పుడన్న సమాచారం ముందే కాలేజీలకు చేరిందన్నది ఆరోపణ. కోర్టు తేల్చేదాకా ఎవరినీ దోషి అనను. కానీ అలాంటి ఆరోపణ వచ్చినరోజు బోర్డు అడగాల్సిన ప్రశ్న లంచం ఎవరు తిన్నారని కాదు, దానికి పోలీసులున్నారు. తనిఖీ జాబితా ఎంతమంది చేతులు మారుతోంది, ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదవుతోందా అని అడగాలి.

మంచిర్యాల_మామ:
ఇంత రాశారు, ఆయన ఫైలు ఇంకా అక్కడే ఉంది.

లాయరు_గారబ్బాయి:
నిజమే మామా. వేపచెట్టు గారూ, ఇవి చేయండి. డాక్టర్ల వృత్తి ప్రవర్తన నియమాలు 2002 నాటివి ఇప్పటికీ అమల్లో ఉన్నాయి (2023 ఆగస్టులో కొత్తవి ప్రకటించి, అదే నెలలో పక్కన పెట్టారు). అందులో 8.4 నియమం ప్రకారం ఫిర్యాదు మీద ఆరు నెలల్లో నిర్ణయం రావాలి. 8.7 ప్రకారం, సరైన కారణం లేకుండా ఆరు నెలలు దాటితే, గడువు పెట్టి తేల్చమని రాష్ట్ర కౌన్సిల్‌కి పైసంస్థ చెప్పొచ్చు, లేదా కేసును తన దగ్గరికే తెప్పించుకోవచ్చు. ఆ నియమం పేరు రాసి ఢిల్లీలోని ఎథిక్స్ బోర్డుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఒక కాపీ మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రార్‌కి. మెంబరుకి వ్యక్తిగతంగా ఏమీ పంపొద్దు.

ఒక చిక్కు ముందే చెబుతున్నా. రేపు తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలు కష్టం. 2019 చట్టం 30వ సెక్షన్ అప్పీలు హక్కును డాక్టరుకు రాసింది, రోగి ఊసు అందులో లేదు. 2002 నియమాల్లో 8.8 మాత్రం బాధపడినవారెవరైనా అంటుంది. ఈ రెంటి మధ్య రోగుల అప్పీళ్లు చాలా తిరస్కరించారు. అందుకే ఇప్పుడే కేస్ షీట్లు, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు అన్నీ కౌన్సిల్ రికార్డులోకి ఎక్కించండి. పరిహారం కావాలంటే అది కౌన్సిల్ పని కాదు, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. అక్కడ రెండేళ్ల గడువుంది, దాటిపోకుండా చూసుకోండి.

పల్లెటూరి_డాక్టరు:
ఇక్కడ నేను మీ వైపే. రోగికి అప్పీలు లేకపోవడం అన్యాయం. డాక్టరుగానే చెబుతున్నా.

వేపచెట్టు:
బావగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఫోన్ ఆలోచన మానుకున్నాం. 8.7 ఉత్తరం ఈ వారమే పోస్టు చేస్తాం. దాంతోపాటు సమాచార హక్కు కింద కూడా అడుగుదామని ఉంది. మా ఫైలు ఏ దశలో ఉంది, ఎందుకు ఆలస్యమైంది అని రాస్తే సరిపోతుందా?

లీడ్స్_నర్సు:
అక్క గారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది? అది చెప్పలేదు మీరు.

వేపచెట్టు:
నడుస్తోందమ్మా. మెట్లు ఎక్కలేకపోతోంది. అడిగినందుకు థాంక్స్.

ఆడిటర్_తాతయ్య:
సమాచార హక్కు దరఖాస్తులో "ఎందుకు" అని రాయకండి. కారణాలు చెప్పనక్కర్లేదని తిప్పి పంపేస్తారు. రికార్డు అడగండి. మీ ఫిర్యాదు ఫైలు నోట్ షీట్ల (ఫైలు మీద అధికారులు రాసుకున్న పేజీల) నకలు. గత రెండేళ్లలో వచ్చిన ఫిర్యాదులెన్ని, తేల్చినవెన్ని, ఆరు నెలలు దాటినవెన్ని. ఎథిక్స్ కమిటీ సమావేశమైన తేదీలు. పెండింగు లెక్క జనరల్ బాడీ ముందు పెట్టిన సమావేశాల మినిట్స్ నకలు. చివరిది తప్పకుండా రాయండి. ఆ లెక్క మెంబర్ల ముందుకు ఒక్కసారైనా వచ్చిందో లేదో దాంట్లోనే తేలుతుంది.

లాయరు_గారబ్బాయి:
తాతయ్య గారు చెప్పినట్టే రాయండి. ఫైలు నకలుకి ఒక దరఖాస్తు, లెక్కలకి ఇంకొకటి విడిగా పెట్టండి. కలిపి పెడితే ఒకదాని సాకుతో రెండోది కూడా ఆపుతారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులోని పై అధికారికి. డ్రాఫ్టు ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి. నేను చూస్తాను.